గోరు లేని వేలు

మా కోచ్ తొలినాడే చెప్పినాడు:
"దస్తగిరీ, బంతి మాట మర్చిపో."
మూడేండ్లాయె. మర్చిపోయినా.

ఎడమ పక్క చివరోణ్ణి నేను.
నా పక్కన ఓబులేసు, నడుమ నాగమునెయ్య,
వాని అవతల కుళ్లాయప్ప, కొసన ఇశ్రాయేలు.
ఐదుగురం కలిస్తే ఐదున్నర క్వింటాళ్లు.
ఎగతాళికి కాదు, లారీల కాటా మీద
నిలబడి తూకం చూసుకున్న మాట.

ఎర్రగుంట్ల గ్రౌండులో పచ్చిక లేదు.
సిమెంటు దుమ్ము, సుద్ద గీతలు.
బంతి, కోడిగుడ్డుకు రెండు పక్కలా మొన చెక్కినట్టుంటాది.
నాగమునెయ్య దాన్ని కాళ్ల సందులోంచి ఎనక్కిస్తాడు.
మాలో దాన్ని తాకేది వాడొక్కడే,
అదీ అరచెయ్యి వెచ్చబడే లోపల.

ఆ తర్వాత నా ముందర ఒకడుంటాడు.
వాడు నన్ను దాటల్ల. నేను దాటనీకూడదు.
ఆటంతా నాకు ఇంతే.
నా ఎనక మహీధరు, బంతి పట్టుకోని.
కుడిచేతి వాటం, ఎడమ పక్క వానికి కనపడదు.
ఆ కనపడని పక్క నేను.
వాణ్ణి నేను చూడను. వాని బూట్ల కింద
దుమ్ము కరకరమనేది ఇంటా.
నిదానంగా జరిగితే ఒక చప్పుడు,
బయపడితే ఇంకొకటి.

ఒకటి, రెండు, మూడు.
మూడు దాటితే బంతి ఎల్లిపోయినట్టే.
యాడికి పోయిందో జనం కేకల్ని బట్టి తెలుసుకోవాల.
నేను తల ఎత్తేసరికి
ఎవరో ఎవర్నో భుజాన ఎత్తుకోని తిప్పుతాంటారు.

మైకులో నా పేరు ఒక్కసారే వచ్చింది.
ఎదుటోని చొక్కా పట్టి గుంజినానని.
నా కాళ్లకాడ పసుపుగుడ్డ పడింది,
పది గజాలు ఎనక్కి.
పేరు కూడా కాదులే. "అరవై ఎనిమిదో నంబరు" అన్నారు.

సోమవారం నాపరాళ్లు ఎత్తేదానికి పోతా.
ఆరడుగుల పలక, నలుగురం.
ఎత్తేటప్పుడు ఎవుడూ మాట్లాడడు,
ఊపిరి ముందు వదిలిందెవుడో పలకకు తెలుస్తాది.
పోయిన ఎండాకాలం వెంగళప్ప వదిలినాడు,
నా బొటనేలి గోరు అట్ల పోయింది.
వాణ్ణి ఏమీ అనలా.
వాని చేతికి చెమట. నా చేతికీ చెమటే.

మా మస్తానమ్మ ఒకపారి ఆట చూసేదానికొచ్చింది.
తిరిగి పోతా అడిగింది:
"అంతసేపు ఆ పిల్లోనితో ఏంది నీకు?
వాడేమన్నా బాకీ ఉండాడా?"

పోయిన ఆదివారం అనంతపురమోళ్లతో.
ఆఖరి దఫా, ఇంకొక్క గజం.
నాగమునెయ్య వంగే ముందు
"రవ్వంత దిగండప్పా" అన్నాడు. అంతే.
దిగినాం. మోకాళ్లు మడిచి,
వాళ్ల రొమ్ముల కింద భుజాలు పెట్టి.
పలక ఎత్తినట్టే,
కాకపోతే ఈ పలక తిడతాది, మనల్నే తోస్తాది.
గజమంటే ఎంత?
మస్తానమ్మ మల్లెపూలు కొలిపించుకునే మూర, అట్లాంటివి రెండు.
ఆ రెండు మూరలకు
నాకూ ఓబులేసుకూ నడుమ మనిషి పట్టే సందు పడింది.
నా కుడిచెవి పక్క గాలి కొట్టింది. మహీధరే కావచ్చు.
అప్పటికే నేను కింద, నా మీద అనంతపురమోడు.
లేస్తా నాకు చెయ్యిచ్చినాడు,
"శానా బరువుండావన్నా" అని.

తెల్లారి పేపరులో, జిల్లా పేజీలో, ఫోటో.
మహీధరు గాల్లో. బంతి, నవ్వు, ఆకాశం.
అడుగున మడత పడినకాడ
దుమ్ములో ఒక చెయ్యి.
మా పాప రెండో తరగతి.
అచ్చరాలు కూడబలుక్కుంటా పేర్లన్నీ చదివింది,
మళ్లీ మొదట్నుంచి చదివింది.
తర్వాత ఫోటో మీద వేలు పెట్టింది:
"ఇది మా నాయన గోరు లేని వేలు."

మస్తానమ్మ పేపరు లాక్కోని
వాకిట్లో వెలుతురుకు పట్టి చూసింది.
"అవును గదా" అనింది. శానాసేపు చూసింది.
"దానికి పసుపు పెట్టుకోమని
ఎన్నిసార్లు చెప్పాల నీకు."