జత తప్పిన గంట

ఉదయగిరి ఆసుపత్రిలో
ఆటోక్లేవు ముందు పదకొండేళ్లుగా నిలబడ్డవాణ్ణి.
డాక్టర్లు మారతారు. నేనూ ఆవిరీ మారం.

మా అబ్బా ఈ కొండ కింద ఊళ్లకంతా ఒడుగులు చేసిన హజాం.
కత్తి పదును ముందు తన ముంజేతి వెంట్రుకల మీద చూసుకునేవాడు.
ఆ చేతి మీద ఎప్పుడూ ఒక బోడి చదరం,
అదే ఆయన లైసెన్సు.
గండిపాలెంలో ఒక్క బిడ్డకు
తెల్లారేదాకా నెత్తురు ఆగలేదు.
బిడ్డ బతికాడు.
అబ్బా మళ్లీ కత్తి పట్టలేదు.

ఇవాళ బల్ల మీద మెహతాబు కొడుకు, తొమ్మిది రోజులవాడు.
పుట్టిన రోజు కె విటమిను సూది పడిందని
కార్డులో చూశాను, రెండుసార్లు.
ట్రేలో స్టీలు గంట, పలక, కొక్కెం, మర.
అంతా కలిపి తాళంచెవుల గుత్తంత.

ఎందుకో గంటను పలక కంతలో పెట్టి
లైటు కేసి ఎత్తాను.
ఒక పక్కన
వెంట్రుక మందం వెలుతురు.

గంట మీద ఒకటి పాయింట్ ఒకటి.
పలక మీద అంకె అరిగిపోయింది. గోటితో తడిమితే
ఒకటి పాయింట్... మూడు.
నిన్న కరెంటు పోయినప్పుడు
రెండు సెట్లూ కడిగింది నేనే.

"ఆపండి సార్."

కొత్త డాక్టరు అప్పటికే గ్లవ్సు తొడిగాడు.
నా ముఖం చూశాడు. గంట చూశాడు. వెలుతురు చూశాడు.
నా ముంజేయి ఎక్కడో దురద పెట్టింది.
"పట్టు దొరక్క జారేది," అన్నాడు, నాతో కాదు.
గ్లవ్సు తీసేశాడు.

వరండాలో బిడ్డ దాదీకి కోపం:
డేగిశా పొయ్యి మీదుంది, కావలి నుంచి చుట్టాలు దిగారు,
ఇంతోటి ఇనప ముక్కకు గురువారం దాకా ఆగాలా?
మెహతాబు ఏమీ అనలేదు.
బిడ్డను పైట కిందికి తీసుకుంది.

రాత్రి అమ్మీ నర్ది చెక్కతో డబ్బీ చెక్కతా
సంగతి విని నవ్వింది.
"డబ్బీకీ మూతకీ ఒకే గుర్తు గీస్తాన్రా నేను,
ఇరవై రూపాయల సరుక్కే."

పొద్దున రెండు సెట్లకు రెండు డబ్బాలు పెట్టాను,
ఒకదానికి ఎర్ర టేపు, ఒకదానికి పచ్చ.
అరిగిన పలకను మూల పారేశాను.
రిజిస్టరులో చేసినవాటికే గడులున్నాయి.
మార్జిన్లో ఇరికించి రాశాను:
గంట 1.1. పలక 1.3.
వెలుతురు కనబడింది.