గీత వెడల్పు

శనివారం తెల్లారకముందే వస్తాను.
సుపీరియర్ సరస్సు మీంచి గాలి
చొక్కా గుండీల సందుల్లో దూరుతుంది.
హైస్కూలు మైదానం, తడి గడ్డి,
నిన్న సాయంత్రం బడిపిల్లలు తొక్కిన గుంటలు.
మేకులు పాతి, దారం లాగి
తెల్లరంగు బండి తోసుకుంటూ నడుస్తాను.
ఇనుపరాయి రేవులో ముప్పై ఒక్కేళ్లు చేశాను గానీ
నిటారుగా నడవడం ఇక్కడే నేర్చుకున్నాను.

ఈ ఆడవాళ్ల లీగులో ఏడు జట్లు,
ఏడూళ్లూ సరస్సు ఒడ్డునే.
ఊరికీ ఊరికీ మధ్య నాలుగైదు గంటల బస్సు.
సగం వృత్తి అని కాగితాల మీద రాస్తారు.
ఆటకి నలభై డాలర్లు కవర్లో పెట్టి ఇస్తారు,
గెలిస్తే ఇంకో పదిహేను.
మోకాలు పోతే మాత్రం
పోయింది మొత్తం నీదే.

గోల్‌కీపర్ బ్రెన్నా కోస్కెలా అంబులెన్సు నడుపుతుంది.
వెనక వలకి ఫోను వేలాడదీసి
ఒక చెవి అటే ఉంచుతుంది.
హోదన్ వర్సామే పళ్ల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు రాస్తుంది.
తలగుడ్డ బిగించి కుడి అంచున పరుగందుకుందా,
ఎదుటి జట్టుకి ఆమె వీపే గుర్తు, మొహం తెలీదు.
పా న్యా వాంగ్ ఇనప సామాన్ల కొట్లో బిల్లులు కొడుతుంది.
నేను కొనే రంగు డబ్బాలన్నీ ఆమె చేతి మీదుగానే.
నా గోళ్ల కింద తెలుపు చూసి
ప్రతిసారీ కొత్తగా నవ్వుతుంది.

చిన్నప్పుడు మా అక్కకి అమ్మ చెబుతుండేది
గీత దాటొద్దు, గీత దాటొద్దు అని.
ఏ గీతో ఎవరూ చూపించిన పాపాన పోలేదు.
ఇక్కడ నేను గీసి చూపిస్తాను,
దాటమని జనం గొంతు చించుకుంటారు:
నాలుగొందల మంది, మడత కుర్చీలు, ఫ్లాస్కులు, రెండు కుక్కలు.
బంతి మొత్తం దాటాలి.
సగం దాటితే లెక్కలోకి రాదు.
సగం జీతం, సగం సెలవు, సగం నిద్రతో వచ్చినవాళ్లకి
ఆ ఒక్క రూలూ పూర్తిగా ఉంది.

ఆగస్టులో ఆఖరి ఆట, ఆష్‌బీ జట్టుతో.
ముందురోజే నా బండి చక్రం విరిగింది.
బేస్‌బాల్ వాళ్లని బతిమాలి వాళ్ల బండి తెచ్చాను.
దాని మూతి పెద్దది.
గోలు గీత నా బొటనవేలంత లావెక్కింది,
అదీ వల వైపుకి.
చూశాను.
ఎవడు కొలవొచ్చాడులే అనుకున్నాను.

ఎనభై ఎనిమిదో నిమిషం. వాన.
హోదన్ అంచు నుంచి లోపలికి కోసింది,
పా న్యా ఒళ్లంతా చాచి కాలి కొస తగిలించింది.
కీపర్ చంక కింద జారిన బంతి
బురదలో బురదై దొర్లి
నా గీత మీద ఆగింది.
వెనక అంచు పట్టుకుని కూర్చుంది, మొండిపిల్లలా.
రిఫరీ వంగి చూసి తల అడ్డంగా ఊపింది.
ఆష్‌బీ అమ్మాయెవరో లాగి బయటికి తన్నేసింది.
సున్నా, సున్నా.
ఒక్క పాయింటు తేడాతో
కప్పు వాళ్ల బస్సెక్కింది.

రాత్రి టార్చీ, టేపూ పట్టుకుని వెళ్లాను.
వానకి రంగు కరిగి గడ్డిలోకి పోతోంది.
నేరం తనంతట తానే కడుక్కుంటుంటే
కొలవకుండా నిలబడ్డాను.
గుండె తేలికపడింది.
దానికి సిగ్గేసింది.

మంగళవారం కొట్లో చెప్పేశాను.
నా వెనక ఇద్దరు, ఒకతని చేతిలో గడ్డపార.
పా న్యా డబ్బా స్కాన్ చేస్తూ ఆగింది.
"ఎంత?"
బొటనవేలు చూపించాను.
దాన్నే చూసింది, గోలీ మాత్రని చూసినట్టు.
ఏమీ అనలేదు.
కుంటుకుంటూ ఏడో అరకి వెళ్లి
నా పాత బండికి సరిపోయే చక్రం తెచ్చి
సంచిలో పడేసింది.

ఎప్పుడూ ఇచ్చే తగ్గింపు
ఈసారి కొట్టలేదు.
మొత్తం కట్టాను.