తొక్కలో మంగళవారం

ఈ మంగళవారం కూడా చెత్తబండి రాలేదు.
బర్మింగ్‌హామ్, బాల్సాల్ హీత్, మా వీధి పొడవునా
నల్లసంచులు,
విందు ఆలస్యమైన పెళ్లిలో చుట్టాల్లా
ఒకరి మీద ఒకరు ఒరిగి కునుకు తీస్తున్నాయి.

రేడియోలో ఎవరో అంకెలు చదువుతున్నాడు
ఇన్ని టన్నులు, ఇన్ని వారాలు,
మళ్లీ గురువారం చర్చలు.
నేను చింతపండు పిసుకుతున్నాను.
పిప్పి ఎక్కడ పారెయ్యాలో తోచక
పిడికిట్లోనే పట్టుకుని కాసేపు నిలబడ్డాను.

"తొక్కలో సమ్మె" అన్నాడు మా ఆయన
డ్యూటీ బూట్లు బిగించుకుంటూ.
మూడేళ్ల కిందట తను బస్సు ఆపి
డిపో గేటు ముందు చలికాచుకున్న రోజుల్లో
ఎవరింట్లోనో ఎవరో ఇదే మాట అనే ఉంటారు.
చెబుదామనుకున్నాను.
పోపు మాడుతోంది.

రాత్రి నక్కలొచ్చాయి.
నక్క తోక తొక్కితే అదృష్టమంటారు మనవాళ్లు.
ఈ వీధిలో అదేమంత కష్టం కాదు,
చెప్పులేసుకుని గుమ్మం దిగితే చాలు.
అదృష్టం సంగతే తెలియదు.

తెల్లారేసరికి
అందరి వంటిళ్లూ పేవ్‌మెంటు మీదున్నాయి.
మూడో నంబరు వాళ్లవి చంటిపిల్ల డైపర్లు.
అయితే కాన్పయిందన్నమాట!
ఎదురింటి మేవిస్ గారివి
ఒంటిమనిషి సూపు డబ్బాలు,
లెక్కపెట్టకూడదనుకుంటూనే పదకొండు లెక్కపెట్టాను.
మా సంచిలోంచి కరివేపాకు ఈనెలు, రొయ్యల పొట్టు.
పదేళ్లుగా కిటికీలు మూసి, కొవ్వొత్తులు వెలిగించి
దాచుకున్న వాసనంతా వీధిన పడింది.
దానికింద, నలిగి, ఒక డోనట్ల పెట్టె.
మా ఇంట్లో డోనట్లు తినేవాళ్లు లేరు.
షుగరున్న మనిషి ఒకరున్నారు. డ్యూటీకి వెళ్లారు.

గ్లౌజులు తొడుక్కుని ఏరుతుంటే
పంతొమ్మిదో నంబరు ఎవర్టన్ వచ్చి నిలబడ్డాడు.
ఇరవై రెండేళ్లు ఆ బండి వెనక వేలాడిన మనిషి.
ఇప్పుడు జీతం కోస్తామన్నారని
గేటు దగ్గర ప్లకార్డు పట్టుకుంటున్నాడు.
"నేను చెయ్యి వెయ్యకూడదు" అన్నాడు, "వేస్తే సమ్మె విరిగినట్టే."
జేబుల్లో చేతులు మాత్రం కదులుతున్నాయి
నిద్రలో పాలు తాగే పిల్లాడి పెదవుల్లా.
"ముడెయ్యకమ్మా, మెలితిప్పు.
గాజుముక్కలుంటే నడిమధ్యన పెట్టు, కాగితంలో చుట్టి.
ఎత్తేవాడి తొడకి తగలకుండా."
ఎత్తేవాడికి తొడ ఉంటుందని
నాకిన్నాళ్లూ తట్టలేదు.

చీపురుపల్లిలో మా దొడ్డ
చెత్తకుండీ అనే వస్తువే లేకుండా కాపురం చేసింది.
తొక్క పచ్చడికి, గంజి చీరకి,
పిప్పి ఇత్తడి బిందెకి, మిగిలిందేదైనా గేదెకి.
నాకు గేదె లేదు.
లేడీపూల్ రోడ్డు కొట్లో కొన్న బీరకాయలున్నాయి,
ఈనెలు గట్టివి, విమానంలో వాడిపోయినవి.
చెక్కు తీసి, నూనెలో వేయించి
ఎండుమిర్చి, కాస్త చింతపండు, వెల్లుల్లి,
మిక్సీ ఒక్క తిప్పు, బరకగా.
కిటికీ తెరిచే ఉంచాను.
ఇంకా దాచేదేముంది?

పిప్పితో వీధితలుపుకున్న ఉత్తరాల మూతి తోమాను.
పాత ఇత్తడి,
ఈ ఊరు ఇత్తడి పోతపోసి బతికిన రోజులదంటారు.
నల్లటి తుప్పనుకున్నది వదిలి
కింద పచ్చగా మెరిసింది, నిమ్మపండులా.

రాత్రి అన్నంలో కలుపుకుని
"ఏంటిది?" అన్నాడు మా ఆయన.
"తొక్క."
నా మొహంలోకి చూశాడు, ఎగతాళేమోనని.
ఇంకో ముద్దకి నెయ్యి అడిగాడు.
డోనట్ల మాట నేనెత్తలేదు.
రేపెత్తుతాను.

పొద్దున్నే
తళతళలాడే ఆ ఇత్తడి మూతిలోంచి
మొదటగా జారిపడింది
కౌన్సిల్ పన్ను బిల్లు.