తొంభై ఒక్క ఏళ్ళ నాలుగు నెలల పన్నెండు రోజులు

మేం మెన్నొనైట్లం, చావుకి కూడా లెక్క చెబుతాం.
ఉత్తరపు గాలికి కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే
బోధకుడు హైన్రిఖ్ టేవ్స్ కాగితం విప్పి చదివాడు:
పుట్టింది రష్యా మైదానంలో,
మూడేళ్ళప్పుడు ఓడలో, ఆపైన ఎద్దుబండిలో ఈ చాకోకి,
ఇరవయ్యో ఏట బాప్తిస్మం, ఇరవై ఒకటికి పెళ్ళి,
తొమ్మిది కాన్పులు, ఇద్దరు ముందే వెళ్ళిపోయారు,
మనవలు నలభై ఒకరు, మునిమనవలు అరవై ఎనిమిది,
బతికింది తొంభై ఒక్క ఏళ్ళ నాలుగు నెలల పన్నెండు రోజులు.
ఆమెన్.

యుస్తీనా పెన్నర్, మా నానమ్మ,
ఈ కాగితం చేతికిస్తే ముందు అక్షరదోషాలు వెతికేది.

నిన్న ముగ్గురాడవాళ్ళం ఆమెకి నీళ్ళు పోశాం.
తొట్టిలో దాచిన వాననీళ్ళు, బావివి కావు.
"బతికినన్నాళ్ళూ ఉప్పునీళ్ళే, పోయేటప్పుడన్నా..." అని
మార్చి నెలలోనే చెప్పిపెట్టింది.
మడమల్లో పగుళ్ళు,
పగుళ్ళలో ఇంకా వేరుశనగ చేను మట్టి.
రుద్దాను. పోలేదు. వదిలేశాను.

ఇక్కడి ఎండకి శవం ఆగదు.
పక్కింటి పేటర్ రాత్రికి రాత్రే పెట్టె చేసి తెచ్చాడు.
కొలత అడగలేదు.

ఆఖరి వారం ఆమె నోట అన్నీ అంకెలే.
ఐదు, ఐదు, ఆరు, ఐదు. మూడు.
"మతి తప్పింది," అంది నర్సు, స్పానిష్‌లో, మెల్లగా.
కాదు. మా పాత పాటల పుస్తకాల్లో
స్వరాలకు బదులు అంకెలుండేవి.
పిండి పిసికినా పాలు పితికినా
ఆమెది అంకెల కూనిరాగమే.
మంచంపట్టె మీద కూర్చుని నేను కింది గొంతు అందుకున్నాను:
మూడు, మూడు, నాలుగు, మూడు. ఒకటి.
కళ్ళు తెరవకుండానే
నేను తప్పినచోట దుప్పటి మీద వేలితో కొట్టింది.

కాగితంలో లేనిది ఒకటుంది.
మా నాన్న ఆరేళ్ళవాడప్పుడు,
పత్తితీతల మధ్యలో, తెల్లవారకముందే
ఆమె సరుకుల బండెక్కి రైలుకట్ట చివరిదాకా వెళ్ళింది.
పదకొండో రోజు తిరిగొచ్చింది.
తాతయ్య ఆవు పొదుగు దగ్గర్నుంచి లేవలేదు.
"వచ్చావా," అన్నాడు.
"వచ్చాను," అంది.
సంఘం పెద్దలు వచ్చారు, కాఫీ తాగారు, వెళ్ళారు.
ఎక్కడికి, ఎందుకు, ఎవరితో అని
ఊరు ఊరంతా పొద్దుతిరుగుడు గింజలు నమిలి
పొట్టు మాత్రమే ఊసింది.

నాకొక్కదానికి చెప్పింది, కాయలు ఒలుస్తూ:
"ఏమీ లేదే. రైలు చూశాను.
పట్టాలు ఆగిపోయినచోట పూటకూళ్ళింట్లో
ఎవరో వండిన కూడు తిన్నాను.
ఎవరూ నన్ను అమ్మా అని పిలవలేదు.
ఆ తర్వాత, మీ నాన్న గోళ్ళు తీయాలని గుర్తొచ్చింది."

మట్టి పోశాక
పొడుగాటి బల్లల మీద కాఫీ, చక్కెర బిళ్ళలు,
ఒకదాని నెత్తిన ఒకటి కూర్చున్న జంట బన్నులు.
పిల్లలు పైది తుంచి తిని కిందిది వదిలేస్తున్నారు.
ఆమె ఉంటే మొట్టికాయలు పడేవి.

హైన్రిఖ్ టేవ్స్ నా పక్కకొచ్చి కూర్చుని
"లెక్క సరిగ్గానే చదివానా?" అన్నాడు.
"పదకొండు రోజులు ఎక్కువ," అన్నాను.
ఆయన పెన్సిల్ తీశాడు, నా ముఖం చూశాడు,
మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.
నేను చక్కెర బిళ్ళ పళ్ళ మధ్య బిగించి
దాని మీదుగా కాఫీ తాగాను, ఆమెలాగే,
చప్పుడు చేస్తూ.