అరవై మూడు శాతం దగ్గర

పుంటా అరేనస్‌లో తలుపు తియ్యాలంటే
ముందు గాలిని అడగాలి.
గాలి మాత్రం ఎవర్నీ అడగదు.
మొన్న గురువారం రాత్రి వచ్చి
మా వీధి కరెంటు తీగ మీద ఉయ్యాలూగింది.
సరిగ్గా అప్పుడే మా ప్రింటరు
తన లోపలి ఓనమాలు చెరిపేసి
కొత్తవి దిద్దుకుంటోంది.
అరవై మూడు శాతం.
అక్కడ పలక జారిపోయింది.

కరెంటు తిరిగొచ్చింది. ప్రింటరు రాలేదు.
రాలేదంటే, ఉంది, అక్కడే, కుట్టుమిషను పక్కన,
నోట్లో కాగితం పెట్టుకుని.
సిరా నిండుగా ఉంది. రోలర్లు తిరుగుతున్నాయి.
తను ప్రింటరునన్న సంగతొక్కటే గుర్తులేదు.

"అప్‌డేటుకి సరేనని నొక్కింది నువ్వే కదా"
అంది మా అక్క ఎదువిహిస్.
శనివారం సంత.
కలఫాతే పళ్ళ జాము, అరవై సీసాలు,
మూతలు బిగించుకుని, పేర్లు లేకుండా బల్ల మీద.

ముప్పై ఏళ్ళు జలసంధిలో ఓడలకి
వైర్‌లెస్ కొట్టినవాణ్ణి నేను.
నారింజ దీపం అయిదుసార్లు, ఆకుపచ్చ ఒక్కసారి.
చదవకుండా ఎలా ఉంటాను?
కరెంటు బిల్లు వెనక చుక్కలు పెట్టుకున్నాను.
అయిదు చుక్కలంటే అయిదు అంకె,
ఒంటి చుక్కంటే ఇ.
అయిదు, ఇ. అయిదు, ఇ.
మునిగిపోతున్న ఓడైనా
ఇంతకన్నా మర్యాదగా చెబుతుంది.

తీగ పీకాను. పది నిమిషాలాగి పెట్టాను.
తీగ మార్చాను. మెత్తగా చరిచాను.
అక్క అటు తిరిగాక గట్టిగా చరిచాను.
అయిదు, ఇ.

శుక్రవారం రాత్రి కింది వాటా నిబాల్దో వచ్చాడు,
పీతల ఫ్యాక్టరీలో ఐసు మిషన్లు చూసేవాడు,
చంకలో లాప్‌టాప్, చొక్కా నిండా సముద్రం వాసన.
"చావలేదు దోన్ ఒరోసింబో," అన్నాడు.
"లోపల ఒక చిన్న గది ఉంటుంది.
ఇల్లంతా కాలినా అంటుకోని గది.
దాని తలుపు తట్టడం తెలియాలి, అంతే."

ఆపు బొత్తాం పట్టుకోవాలి.
పట్టుకునే పవరు నొక్కాలి.
పవరు వదలకుండా ఆపు అయిదుసార్లు.
నేను ఆరు నొక్కాను.
మళ్ళీ. ఈసారి నాలుగో అయిదో
నాకే తెలియలేదు, అక్క నవ్వు వినిపించి.
మూడోసారి కళ్ళు మూసుకున్నాను.
లెక్క వేళ్ళకి వదిలేశాను.
టక్, టక్, టక్, టక్, టక్.
దీపం మిణకడం మాని
నిలకడగా నావైపు చూసింది.

ఫైలు పంపాడు నిబాల్దో.
కిటికీ అద్దాలు దడదడలాడుతున్నాయి.
ప్లగ్గు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు,
కరెంటుని చేత్తో పట్టి ఉంచగలనన్నట్టు.
అరవై ఒకటి. అరవై రెండు.
అరవై మూడు దగ్గర ముగ్గురం ఊపిరి బిగబట్టాం.
అరవై నాలుగు.

లేచింది. లేవగానే అడిగింది:
ఏ భాష?
తర్వాత, ఏ దేశం?
అఫ్గానిస్తాన్ నుంచి మొదలెట్టి
ఒక్కో దేశం దాటుకుంటూ
చిలీ దాకా నడిపించుకొచ్చాను.
వైఫై ఎవరో తెలియదు. తేదీ తెలియదు.
ఇంతవరకూ వేసిన పేజీలు: సున్నా.
నా పింఛను ఉత్తరాలు, అక్క పన్ను కాగితాలు,
నాలుగు వేల చిల్లర.
ఒక్కటీ ఎరగనంటుంది మహాతల్లి.
కొంచెం కష్టమనిపించింది,
ఎవరికి చెప్పుకోను?

వెనక్కి తిరిగితే
అక్క కలానికి మూత పెడుతోంది.
అరవై సీసాలకీ చీటీలు అంటించేసింది.
ఊదారంగు సిరా,
అక్షరాలన్నీ మా ఊరి చెట్లలా
ఒకే పక్కకి వాలి.
ఎప్పుడు మొదలుపెట్టిందో!
నా ఆరో నొక్కు దగ్గరే అయ్యుంటుంది.

"సర్లే, ఒకటి వెయ్యి, చూద్దాం" అంది.
రంగు పట్టీలతో టెస్టు పేజీ వచ్చింది, వెచ్చగా.
అటూ ఇటూ తిప్పి చూసింది.
బాగుంది, అంది.
నాలుగు మడతలు పెట్టి
కిటికీ సందులో దోపింది.
అద్దం దడదడ ఆగింది.
గాలి కాసేపు ఆలోచించుకుని
పక్క కిటికీకి వెళ్ళింది.