ఐదో గడి

సిత్రా దీవిల జరాలు తగ్గినంక
మాకు పొడుగు కాడ తెల్ల గంటెలిచ్చిండ్రు.
ఒక్కో నీటికి పది ముంపులు.
పైకొచ్చిన పురుగుల్ని లెక్కపెట్టాలె,
సీసాల పొయ్యాలె, చీటీ అంటియ్యాలె.

"నీటికి సమంగ పండుకునేది అనాఫిలిస్,
తలకిందులుగ వేలాడేది క్యూలెక్స్"
జైనబ్ మేడం అరబ్బీ కలిపిన హిందీల చెప్తుంటే
మా రూము యాదికొచ్చింది:
పైమంచం మీదికెల్లి కాళ్లు వేలాడేసి
ఇంటికి ఫోన్ చేసే లచ్చన్న,
కిందిమంచంల కట్టెలెక్క నేను.

వాన పడి ఏడు నెలలు.
ఈ బహ్రెయిన్ల నీళ్లేడివి అనుకున్న.
ఏసీ కారుతది.
ప్రతి కిటికీకి ఒక ఏసీ, దాని కింద
మెడ కోసిన నూనె డబ్బా.
మేము పండుకున్న చల్లదనమే
చుక్క చుక్క దిగి
కింద ఇంకొకరికి ఊరైంది.

టైర్ల కాడ నలభై ఒకటి.
పడవలు బాగుచేసే కాడ, తొట్టిల,
రెండు వందలు దాటినంక ఇగ చాలన్నది.
ఉప్పుమడుగుల గూడ ఒక జాతి బతుకుతదట,
దాని పేరుకు నా నోరు తిరగలే.
ఎండిన ఖర్జూరతోట కాల్వల ఏం లేవు.
సున్నా రాసుడు గూడ పనే, రాయి అన్నది.

పదకొండో క్యాంపు, మూడో అంతస్తు.
తలుపు పక్కన రంగు డబ్బాల పుంటికూర.
డబ్బా కింద పళ్లెం, పళ్లెంల ఏసీ నీళ్లు.
గంటె మునిగే లోతు లేదు,
గొట్టంతోని పీల్చిన. ఇరవై మూడు.
ఒకటి అప్పుడే రెక్కలొచ్చి అంచున కూసుంది,
కాళ్లకు తెల్ల కడియాలు,
వీపు మీద వీణె గీత.
మేడం మాస్కు కిందికి లాగి
"ఇదే" అన్నది.

ఎవలదిది అనడిగిన.
లోపలి మనిషిది మోర్తాడు దిక్కు, యాస పట్టిచ్చింది.
"పోశెట్టిది. దవాఖానకు పోయిండు, రాలే.
నీళ్లు నేనే పోస్తున్న."

కాగితంల గడులు: టైరు, ట్యాంకు, డ్రమ్ము, తొట్టి, వేరేది.
ఐదో గడిల గీత పెట్టిన.
పళ్లెం నీళ్లు కాంక్రీటు మీద వంపిన,
బీడీ ముట్టిచ్చేంత సేపు కొట్టుకున్నయి.
"చెట్టుకేం గాదు గదా?"
"చెట్టుకేం గాదు. పళ్లెం పెట్టకు."

పొద్దుగూకే యాళ్లకు అదే తలుపు కాడ
ప్యాంటు మోకాలి దాకా మడిచి కూసున్న.
ఎర నా కాలే.
కుట్టకముందే పీల్చాలె.
ఆడదే కుడుతదట, గుడ్ల కోసం,
మగది పూలతేనె తాగి బతుకుతదట.
ఈ క్యాంపుల పూలేడున్నయో.

లోపల పుంటికూర ఉడుకుతున్న పులుపు.
పిక్క మీద ఏదో వాలింది.
కదలకు, అన్నది మేడం.
కదల్లే.