వీపు రంగు

ఆటోలో దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని
ధూల్‌పేట తీసుకెళ్ళాను.
పాత బొంతలో చుట్టిన చీనా బొమ్మ;
విరిగిన కొమ్ము విడిగా, నా టిఫిన్ డబ్బాలో.
పురానాపూల్ గతుకుల దగ్గర
డ్రైవర్ అద్దంలో చూసి అడిగాడు,
"పిల్లగానికి జరమా అన్నా?"

మనిషి మొహం, సింహం ఒళ్ళు, ఎద్దు గిట్టలు,
భుజాల మీద మంటల్లా లేచిన రెక్కలు.
పన్నెండు వందల ఏళ్ళ కిందట
ఎవరో దొర గోరీ గుమ్మంలో నిలబెట్టారట,
దయ్యాల్ని రానివ్వకు అని.
దయ్యాలు రాలేదు. గడ్డపారలొచ్చాయి.
కాపలావాణ్ణే ఎత్తుకుపోయారు.

గిర్ధర్ సింగ్ ఇంటి ముందు
వానకి పట్టాలు కప్పుకున్న వినాయకులు.
బొంత విప్పి ఆయన చాలాసేపు ఏమీ అనలేదు.
ఆకుపచ్చ, తేనెరంగు, మీగడ తెలుపు
బట్టీలో కరిగి ఒకదాంట్లోకి ఒకటి కారినచోట
వేలు పెట్టి
తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

"గోరీల దీన్ని ఎవరు చూస్తరు?"
ఎవరూ చూడరు. మూసేసి మన్ను కప్పేస్తారు.
"మరి ఈపుకు గూడ రంగెందుకేసిండు?"

నా దగ్గర జవాబు లేదు.
ఆయన తన వినాయకుల వెనక్కి నడిచాడు.
అటు ఒట్టి సున్నం.
పదకొండు రోజులు అందరూ ముందునుంచే మొక్కుతారు,
ఆ తర్వాత సాగర్‌లోకి క్రేన్ దించేస్తుంది.
వీపుతో ఎవరికేం పని?

కొమ్ము అతికేముందు పక్కకి ఒరిగించి
అడుగునుంచి టార్చి వేస్తే
లోపల, బోలు చీకట్లో, ఒక బొటనవేలి ముద్ర.
తడిమట్టిని నొక్కి ఎటో వెళ్ళిపోయిన వేలు.
గీత గీతా ఉంది.
ఆయన చెయ్యి లోపలికి పోనిచ్చి సరిచూసుకున్నాడు.
"చిన్నది. పోరగాని ఏలు."
కాసేపయ్యాక తనలో తనే నవ్వాడు.
"మొన్న రేషన్ దుకాణంల మిషిన్ నా ఏలు పట్టలే.
గీతలన్నీ అరిగినయంట.
బియ్యానికి కోడల్ని తోల్కపోయిన."

జిగురు ఆరేదాకా చాయ్ తాగాం.
డబ్బులు లెక్కపెట్టకుండానే జేబులో వేసుకుని
ఎక్కడ పెడతారని అడిగాడు.
జూబ్లీహిల్స్‌లో, లిఫ్టు పక్కన, గోడకి ఆనించి.
"గోడకు జర ఎడంగ పెట్టమను."

చెప్తానన్నాను.
చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.
గేటు దగ్గర వాచ్‌మన్ రెండు చేతులా దించుకున్నాడు.
సంతకం రాదన్నాడు.
చలానా వెనకవైపు
బొటనవేలు నొక్కాడు.